పన్నెండు రోజుల ఆటలకు ఎవలి పైసలు?

పొద్దుగాల్ల నాలుగున్నరకు మా బైపాస్ రోడ్డు మీదికి వచ్చి చూడుండ్రి. ముప్పై నలభై మంది పోరగాళ్లు, పది పదిహేను మంది ఆడపిల్లలు చీకట్ల ఉరుకుతుంటరు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం. పోయినసారి నోటిఫికేషన్ల మొగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల పెట్టిండ్రు. గదే లెక్క మీద ప్రాక్టీస్. గ్రౌండ్ లేదు కాబట్టి రోడ్డు. ఇసుక లారీ వస్తే పక్కకు దుంకుతరు, అది పోయినంక మల్ల ఉరుకుతరు. ఒకడు ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టుకొని కిలోమీటరు రాయి కాడ నిలబడుతడు.

గా పోరగాళ్లల్ల ఒక తమ్ముడు మొన్న నన్ను ఆపి అడిగిండు. "అన్నా, 2030ల కామన్వెల్త్ ఆటలు మన దేశానికి వచ్చినయి. 2036ల ఒలింపిక్స్ గూడ తెస్తమంటున్నరు. మంచిదే గదా? నువ్వు దానికి గూడ అడ్డమేనా?"

నేను ధర్నాలల్ల తిరిగేటోణ్ని గాబట్టి వానికి నా మీద గా అనుమానం. నవ్వొచ్చింది గని, అడిగింది మాత్రం అసలైన ప్రశ్న. రోడ్డు మీద రెండు నిమిషాలల్ల చెప్పే ముచ్చట కాదు, అందుకే రాస్తున్న.

ముందుగాల్ల ఒకటి. ఆటలంటే నాకు పడదని ఎవలూ అనుకోవద్దు. 2010 అక్టోబర్ 14 నాడు బస్టాండ్ కాడి హోటల్ల టీవీ ముందట నిలబడి సైనా నెహ్వాల్ ఫైనల్ చూసిన. ఢిల్లీ కామన్వెల్త్ ఆటల ఆఖరి దినం అది. గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ అప్పటికే డబుల్స్ల బంగారం కొట్టిండ్రు. సైనా గెల్వంగనే మనయి 38 బంగారాలైనయి, ఇంగ్లండ్‌వి 37. ఆస్ట్రేలియా తర్వాత మనదే రెండో జాగ. మొత్తం 101 పతకాలు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఒక్కడే నాలుగు బంగారాలు తెచ్చిండు. హోటలాయన ఆ పూట మా దగ్గర చాయ్ పైసలు తీసుకోలే. సంబురం నాకు ఇప్పటికి యాదున్నది.

బిల్లు సంగతి తెలిసింది మాత్రం పది నెలల తర్వాత. 2011 ఆగస్టుల కాగ్ రిపోర్టు పార్లమెంటుల పెట్టిండ్రు. సర్కారు ఖర్చుల లెక్కలు చూసే ఆడిట్ సంస్థ అది, ప్రతిపక్షం కాదు, మాసొంటి సంఘం కాదు. ఆటలు మాకియ్యుండ్రి అని 2003ల దరఖాస్తు పెట్టినప్పుడు 1,200 కోట్లయితదని అంచనా వేసిండ్రట. ఆఖరికి లెక్క తేలింది 18,532 కోట్లు. పదిహేను రెట్ల కన్న ఎక్కువ. మెట్రో, ఎయిర్‌పోర్టు మీద పెట్టిన పైసలు అందుల లేనే లేవు.

ఇల్లు కట్టేటప్పుడు గూడ అంచనా పెరుగుతది, నిజమే. ఐదు లక్షలనుకున్నది ఎనిమిదైతది. గని ఐదు లక్షలనుకున్నది డెబ్బై ఐదు లక్షలైతే మేస్త్రీని చెట్టుకు కట్టేస్తం. మరి ఆటల దగ్గర ఇట్ల ఎందుకైతది? కారణం మనకు తెలువంది కాదు. మన ఇండ్లల్ల లగ్గాలు చూసినోళ్లకు ఎవలకైనా అర్థమైతది.

లగ్గం ముహూర్తం పెట్టినంక తారీఖు మారదు. పత్రికలు పంచినం, చుట్టాలు వస్తున్నరు. నెల రోజుల ముందు టెంట్ హౌజ్ ఆయన్ని అడిగితే ఒక రేటు చెప్తడు. మూడు రోజుల ముందు అడిగితే ఇంకో రేటు. అప్పుడు మనం బేరం చేసే తాన ఉండం, ఆయన ఎంతంటే అంతే. ఢిల్లీల గిదే జరిగింది. 2003 నవంబరుల ఆటలు మనకు వచ్చినయి. చేతిల ఏడేండ్ల టైమున్నది. మొదటి మూడు నాలుగేండ్లు ఏం పని చేయక గడిపిండ్రు. తర్వాత "టైం లేదు, టైం లేదు" అనుకుంట టెండర్ల పద్ధతులను పక్కకు పెట్టిండ్రు. ఇది నా మాట కాదు, తొందర పేరు చెప్పి నిబంధనలు దాటేసిండ్రని కాగ్ రాసిందే. తారీఖు కదలదని కాంట్రాక్టరుకు తెలుసు. ఆఫీసరుకు తెలుసు. మంత్రికి తెలుసు. అందరికి తెలిసినంక బిల్లు ఎందుకు తగ్గుతది?

ఇంకో తిరకాసు గూడ ఉన్నది. లగ్గానికి మనం ఖర్చు పెడితే చదివింపులు కొన్నన్న మన చేతికొస్తయి. ఒలింపిక్స్ల టీవీ హక్కులు అమ్మేది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ల ఫిఫా. ఆడిపించే ఊరికి వాళ్లు ఇచ్చినంత ఇస్తరు. నష్టమొస్తే మాత్రం ఆడిపించేటోళ్లదే పూచీ అని ముందుగాలనే సంతకం పెట్టించుకుంటరు. ఢిల్లీ ఆటలప్పుడు గూడ, ఆర్గనైజింగ్ కమిటీకి ఎంత తక్కువ పడితే అంత మేం భరిస్తమని కేంద్రం మాటిచ్చింది. "ఆటల మీద వచ్చే ఆమ్దానీతోనే ఆటల ఖర్చు ఎల్లిపోతది" అన్న మాట ఏండ్లు ఏండ్లు చెప్పిండ్రు. ఎల్లలేదు. ఆటలు మాకే ఇయ్యుండ్రని ఓట్ల కోసం 72 దేశాల సంఘాలకు తలా లక్ష డాలర్లు శిక్షణ ఖర్చుకిస్తమని ఒప్పుకున్నది గూడ మనోళ్లే. ఎదురుంగ పోటీల ఉన్నది కెనడాల హామిల్టన్ పట్నం. 46 ఓట్లు మనకు, 22 వాళ్లకు.

ఇగ ఎవలి పైసలన్న దగ్గరికి వస్త. ఈ వ్యాసం రాయబుద్ధయింది గూడ అందుకే.

ఎస్సీ సబ్ ప్లాన్ అంటే మీలో చాలా మందికి ఎరికే. బడ్జెట్ల దళితుల జనాభా ఎంత శాతముంటే అంత వాటా పైసలు విడిగ పక్కకు తీసి వాళ్ల చదువుకు, ఇండ్లకు, ఉపాధికే ఖర్చు పెట్టాలె. ఢిల్లీల దాన్ని స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ అనేటోళ్లు. 2010ల కొందరు ఆర్టీఐ పెట్టి లెక్కలడిగిండ్రు. అప్పుడు బయటపడింది ఏందంటే, 2006 నుంచి 2011 దాకా గా ఖాతాల నుంచి 744 కోట్ల రూపాయలు కామన్వెల్త్ ఆటల పనులకు పోయినయి. దళిత పిల్లల స్కాలర్‌షిప్పులకు, హాస్టళ్లకు పోవాల్సిన పైసలు రోడ్లకు, స్టేడియాలకు పోయినయి. పార్లమెంటుల గొడవైనంక, అట్ల మళ్లించుడు తప్పే అని అప్పటి హోం మంత్రి చిదంబరం ఒప్పుకున్నడు.

ఇసొంటి మళ్లింపులకు సర్కార్లు చెప్పే మాట ఎప్పటికీ ఒకటే. "రోడ్డు వేస్తే దళితులు గూడ నడుస్తరు గదా, వాళ్ల వాటా దాంట్ల ఉన్నట్టే గదా." నేను ఈ మాట కలెక్టరేట్ మెట్ల మీద గూడ విన్న. నడుస్తరు, ఎందుకు నడువరు. గని నడిచేటందుకు రోడ్డు అందరి పైసలతోని వేయాలె, ఒక్కల వాటా తీసి కాదు. హాస్టల్ల సన్నపు చారు తినే పిల్లగాడు 961 కోట్లతోని బాగు చేసిన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి చందా ఇచ్చినట్టు గాలేదా?

మన దగ్గర గిసొంటి మళ్లింపుల మీద ఏండ్ల తరబడి కొట్లాడితేనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2013ల సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణల అదే 2017ల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. చట్టం ఉన్నంత మాత్రాన పైసలు కదలవని కాదు. అడిగేటందుకు ఒక కాయితమన్న చేతిల ఉన్నది.

ఢిల్లీల కూలోళ్ల ముచ్చట గూడ చెప్పాలె. ఆటల పనులల్ల మనుషులు ఎట్ల బతుకుతున్నరో చూసి రమ్మని హైకోర్టు ఒక కమిటీ వేసింది. కనీస కూలి ఇస్తలేరు, టోపీ బూట్లు ఇస్తలేరు, సచ్చిపోయినోళ్లే 40 మందికి పైన ఉన్నరని తేలింది. ఆటలు ఇంక రెండు వారాలున్నయనంగ మెయిన్ స్టేడియం కాడ కడుతున్న కాలినడక వంతెన కూలి 20 మందికి పైన కూలోళ్లకు దెబ్బలు తాకినయి. విదేశీయులకు కనవడొద్దని గుడిసెల ముంగట వెదురు తడకలు, ఫ్లెక్సీలు కట్టిండ్రు. బిచ్చగాళ్లను, రోడ్డు మీద అమ్ముకునేటోళ్లను ఎళ్లగొట్టిండ్రు. చుట్టాలొస్తున్నరని ఇంట్ల ముసలమ్మను అర్రల పెట్టి తాళమేసినట్టు.

ఖతార్ గురించైతే మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాలోళ్లకు నేను చెప్పేదేమున్నది. 2010ల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ వాళ్లకు వచ్చినప్పటి సంది 2020 దాకా మన దేశం, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక కూలోళ్లు 6,500 మందికి పైన అక్కడ సచ్చిపోయిండ్రని గార్డియన్ పత్రిక 2021ల రాసింది. అందరూ స్టేడియం పనుల మీదనే పోయినోళ్లు కాదు, అది గూడ నిజమే. గని ఎంత మంది సర్టిఫికెట్ల మీద "సహజ మరణం" అని రాసి పెట్టె పంపిండ్రో, ఎయిర్‌పోర్టుకు పోయి గా పెట్టె తెచ్చుకున్న ఇండ్లోళ్లకు తెలుసు. పాతికేండ్ల పోరడికి సహజ మరణమేంది?

అవినీతి కేసుల సంగతా? ఆర్గనైజింగ్ కమిటీ చైర్మన్ సురేశ్ కల్మాడీని 2011 ఏప్రిల్ల సీబీఐ అరెస్టు చేసింది. టీవీలల్ల నెలలకు నెలలు అదే కథ. ఆఖరికి మనీ లాండరింగ్ కేసు మూసేస్తమని ఈడీ ఇచ్చిన రిపోర్టును ఢిల్లీ కోర్టు 2025 ఏప్రిల్ల ఒప్పుకున్నది. పద్నాలుగేండ్లు. తప్పు చేసిండా లేదా అన్నది కోర్టు ముచ్చట, నేను తీర్పు చెప్ప. నాకు కొట్టొచ్చినట్టు కనవడేది ఇంకోటి. దొంగ ఎవలు అన్న గొడవల పడి, దొంగతనమే లేకున్నా గూడ ఇంత ఖర్చు పెట్టుడు సరైనదేనా అన్న ప్రశ్న మనం అడుగనే లేదు.

ఇగ ఆటలైపోయినంక కట్టినయి ఏమైతయి? గా 961 కోట్ల జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియాన్నే కూలగొట్టి కొత్తగ స్పోర్ట్స్ సిటీ కడుదమని క్రీడా శాఖ అనుకుంటున్నట్టు 2025 నవంబరుల వార్తలొచ్చినయి. ఆటలై పదిహేనేండ్లు. మన పెంకుటిండ్లు అంతకన్న ఎక్కువ నిలబడుతయి.

మన హైదరాబాద్‌నే చూడుండ్రి. 2002ల నేషనల్ గేమ్స్, 2003ల ఆఫ్రో ఏషియన్ గేమ్స్, 2007ల మిలిటరీ వరల్డ్ గేమ్స్. గచ్చిబౌలిల పెద్ద స్టేడియం, పక్కన ఇంకెన్నో కట్టిండ్రు. మొత్తం వేస్టయిందంటే అబద్ధమైతది, ఇప్పటికి గూడ అక్కడ పిల్లలు ప్రాక్టీస్ చేస్తరు. గని గా కాంప్లెక్సుల పద్నాలుగు అంతస్తుల స్పోర్ట్స్ టవర్‌కు అసలైన పని దొరికింది 2020ల, కరోనా దవాఖానగ మార్చినప్పుడు. ఆటగాళ్ల బిల్డింగు రోగులకు అక్కరకొచ్చింది, మంచిదే. ఊరి దవాఖానల డాక్టరు లేడు గని పట్నంల అంత పెద్ద బిల్డింగు ఖాళీగ ఉన్నదా అని అప్పుడు మా ఊరోళ్లు ఆశ్చర్యపోయిండ్రు.

అదే గచ్చిబౌలిల ఇంకో కథున్నది. పుల్లెల గోపీచంద్ 2001ల ఆల్ ఇంగ్లండ్ గెలిచినంక 2003ల సర్కారు ఐదెకరాల జాగ ఇచ్చింది. కట్టేటందుకు పైసలు చాలక ఆయన ఇల్లు కుదువ పెట్టిండు. దాతలు కొంత ఇచ్చిండ్రు. అకాడమీ 2008ల మొదలైంది. 2012ల సైనాకు ఒలింపిక్ కాంస్యం, 2016ల సింధుకు వెండి. ప్రపంచాన్ని పిలిచి పటాకులు కాల్చలే. ఒక షెడ్డు, కొన్ని కోర్టులు, పొద్దుగాల్ల నాలుగింటికి లేచి వచ్చే ఒక గురువు.

దీని మీద నాతోని వాదించేటోళ్లు ఉన్నరు. మా దోస్తు ఒకాయన పీఈటీ సారు. ఆయనంటడు, "2010ల మన దేశంల ఆడినం గాబట్టే 101 పతకాలొచ్చినయి, తర్వాత గ్లాస్గోల 64కు పడిపోయినయి, సొంత గడ్డ బలం వేరు." మాట నిజమే. గని 2010కి ముందు ఆటగాళ్ల తయారీకి ప్రత్యేకంగ ఒక స్కీము పెట్టి, విదేశీ కోచ్‌లను తెచ్చి, క్యాంపులు పెట్టి వందల కోట్లు ఖర్చు పెట్టిండ్రు. పతకాలు ఎక్కువగ వచ్చింది గా పైసలతోని అని నేనంట. మొత్తం 18 వేల కోట్లల్ల అది చిన్న ముక్క. పెద్ద ముక్క లేకుంట చిన్న ముక్క పెట్టరా? మా నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022ల బంగారం గెలిచింది బర్మింగ్‌హామ్‌ల. వరంగల్ జిల్లా కల్లెడ ఊరి జీవంజి దీప్తి, కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ, 2024ల జపాన్‌ల 400 మీటర్లు 55.07 సెకన్లల్ల ఉరికి తన విభాగంల ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్ల కాంస్యం తెచ్చింది. వాళ్లకు కావాల్సింది బడిల ఉరుకుతుంటె చూసి గుర్తు పట్టే ఒక సారు, హైదరాబాద్ పోయేటందుకు బస్సు కిరాయి, కడుపునిండ తిండి.

సారు ఇంకో మాటంటడు, ఆటల పేరు మీదనే ఢిల్లీకి మెట్రో లైన్లు, కొత్త ఎయిర్‌పోర్టు టర్మినల్ జల్ది వచ్చినయని. అది గూడ ఒప్పుకుంట. గడువు లేకుంటె మన దగ్గర పని కాదు. గని మెట్రో కావాల్సింది ఢిల్లీ జనానికి రోజూ. దాన్ని పూర్తి చేసేటందుకు పన్నెండు రోజుల పండుగ సాకు కావాల్నా?

బయటి దేశాలు దీన్ని ఎప్పుడో లెక్క కట్టుకున్నయి. కెనడాల మాంట్రియల్ 1976ల ఒలింపిక్స్ ఆడిపిచ్చి గా అప్పు తీర్చింది 2006ల. ముప్పై ఏండ్లు. 1984ల లాస్ ఏంజెలెస్ మాత్రం 20 కోట్ల డాలర్లకు పైన మిగులు చూపెట్టింది. ఎట్లంటే, ఆ ఆటలకు పోటీ పడ్డ ఊరు ఇంకోటి లేకపాయె, గందుకని ఒలింపిక్ కమిటీ తోని షరతులు వాళ్లే మాట్లాడుకున్నరు, ఉన్న స్టేడియాలల్లనే ఆడిపిచ్చిండ్రు, ఖర్చు స్పాన్సర్ల మీద వేసిండ్రు. లాభం రాదని కాదు, బేరం చేసే తాన ఉంటే వస్తది. 2015ల హాంబర్గ్, 2018ల కాల్గరీ జనాన్ని ఓటు అడిగిండ్రు. జనం వద్దన్నరు. మన దగ్గర ఎవలన్న అడిగిండ్రా?

అన్నిట్ల దగ్గరి ఉదాహరణ ఆస్ట్రేలియాల విక్టోరియా రాష్ట్రం. 2026 కామన్వెల్త్ ఆటలు వాళ్లవి. రాజధాని మెల్‌బోర్న్‌ల కాకుంట జీలాంగ్, బలారట్, బెండిగో సొంటి జిల్లా పట్నాలల్ల పెడుతమన్నరు, పల్లెటూరి ప్రాంతాలు బాగు పడుతయన్నరు. ఖర్చు 260 కోట్ల డాలర్లనుకున్నది 600 కోట్లు దాటేటట్టు కనవడేసరికి 2023 జూలైల "మాతోని కాదు" అని చెప్పేసిండ్రు. గా జిల్లాలకు ఇండ్ల కోసం, ఆట స్థలాల కోసం 200 కోట్ల డాలర్లు ఇస్తమన్నరు. తప్పుకున్నందుకు 38 కోట్ల డాలర్లు నష్టపరిహారం కట్టిండ్రు. మొత్తం మీద ఆడిపియ్యని ఆటలకు 58.9 కోట్ల డాలర్లు పోయినయని వాళ్ల ఆడిటర్ తేల్చిండు. అంటే సంతకం పెట్టినంక ఎన్కకు రావుడు గూడ అగ్గువ కాదు. ఆ ఆటలు గ్లాస్గోకు పోయినయి, పదే ఆటలు, నాలుగే జాగలు, కొత్త స్టేడియం లేదు.

మనం సంతకం పెట్టినం. 2025 నవంబర్ 26 నాడు గ్లాస్గోల 2030 ఆటలు అహ్మదాబాద్‌కు ఖాయం చేసిండ్రు. 1930ల హామిల్టన్ల మొదలైన ఆటలకు నూరేండ్లు నిండే ఏడు అది. 2036 ఒలింపిక్స్‌కు 2024 అక్టోబరులనే ఉత్తరం పోయింది. కాబట్టి "వద్దు" అని నేను ఇప్పుడు ధర్నా చేసి లాభం లేదు తమ్మీ. నీ ప్రశ్నకు నా జవాబు, ఆటలకు అడ్డం కాదు, ఖాతా చూడకుంట సంతకం పెట్టుడుకు అడ్డం.

ఢిల్లీల 744 కోట్ల ముచ్చట ఆటలు ముగిసినంక కాదు, ఆటలకు ముందే బయటపడ్డది, ఆర్టీఐతోని. ఇప్పుడు చేతిల నాలుగేండ్లున్నయి. కేంద్ర క్రీడా శాఖకు ఆన్‌లైన్ల దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు అది గూడ లేదు. మేం రాస్తున్న దరఖాస్తుల మూడు ప్రశ్నలున్నయి. 2030 ఆటలకు మొత్తం అంచనా ఎంత, అది ఏ ఏ శాఖల ఖాతాలల్ల నుంచి పోతది? అందుల ఎస్సీ, ఎస్టీల కోసం పక్కకు పెట్టిన నిధుల నుంచి ఒక్క రూపాయన్న ఉన్నదా? నష్టమొస్తే ఎవలు భరిస్తరని ఒప్పందంల రాసుకున్నరు, గా ఒప్పందం కాపీ ఇయ్యుండ్రి.

రెండో దరఖాస్తు మా మండలానికే. చెరువు శిఖం పక్కన "క్రీడా ప్రాంగణం" అని ఒక బోర్డు, రెండు ఇనుప పోల్లు పాతి ఏండ్లయితున్నది. తుమ్మ చెట్లు బోర్డు కన్న ఎత్తు పెరిగినయి. దాని మీద ఎంత ఖర్చు రాసిండ్రు, ఎప్పుడు చదును చేసిండ్రని అడిగినం. నన్ను ఆపి అడిగిన తమ్ముడే దాని మీద సంతకం పెట్టిండు, నడుస్తున్న రోడ్డు పక్కన, చెమటలతోని. ముప్పై రోజులల్ల జవాబు రావాలె. ఏమొస్తే అది ఈడనే రాస్త.